గొ. వజ్రమ్మ

మ్యాలీ గోధుమ నేలలో కోతలయి మూడు వారాలు.
మోళ్ల మీద ఎండ కదలకుండా నిలబడి ఉంది.
గొర్రెల బొచ్చు తీసే రేకుల షెడ్డు ముందు
నలభై కార్లు, రెండు ట్రాక్టర్లు,
ఎవరిదో తెలియని ఒక గుర్రం.

గేటు దగ్గర గ్లెనిస్ కుర్చీ వేసుకుని
వచ్చినవాళ్లకల్లా ఒక రంగు చుక్క అంటిస్తోంది.
నోలాకి ఏడుగురు పిల్లలు, ఏడు రంగులు.
కీత్ సంతానానికి ఆకుపచ్చ.
"నువ్వు మా పచ్చవాళ్లలో దానివేగా" అంటూ
నా చొక్కా జేబు మీద గట్టిగా అదిమింది.

మా భాషలో అయితే ఈ గుంపులో ప్రతి మనిషికీ ఒక పిలుపుండేది.
ఆ గడ్డమతను బావగారో మరిదో తేలాలంటే
ముందు వయసు అడగాలి.
ఇక్కడ అందరూ పేర్లే.
మామగారిని "కీత్" అనడం
తొమ్మిదేళ్లయినా నా నాలుకకి చేతకాలేదు.
అవసరమైతే దగ్గుతాను,
లేదా వెళ్లి ఆయనకి ఎదురుగా నిలబడతాను.

బల్లల మీద ఎవరి వంటకం వాళ్లది,
పళ్లెం అడుగున టేపు ముక్క మీద ఎవరి పేరు వాళ్లది.
ఈగలు మాత్రం అందరివీ.

అప్పుడు కీత్ రెండు చేతులతో నోలాని తీసుకొచ్చాడు,
స్టీలు డబ్బాలో.

నాకు ముందు తెలిసింది నొక్కు.
తర్వాత మూత పక్కన చుక్కచుక్కగా చెక్కిన అక్షరాలు.
రెండు జరీ చీరలు మార్చి ఆ డబ్బా కొని,
పేరు చెక్కేదాకా కొట్టు మెట్టు దిగలేదట మా అమ్మమ్మ.
"పేరున్న గిన్నే పక్కింటి నుంచి తిరిగొస్తుంది" అనేది.
నా మొదటి క్రిస్మస్‌కి దాన్నిండా చేగోడీలు పోసి
నోలాకిచ్చాను.
ఆవిడ టీలో ముంచుకుని తింది.

"ప్లాస్టిక్ పెట్టె మూత ఊడొస్తోంది,
అమ్మ వంటింట్లో మూత సరిగ్గా పట్టేది ఇదొక్కటే" అన్నాడు కీత్,
ఎవరూ అడక్కుండానే.

మావాళ్లయితే ఆ కుండని గడప దాటనిచ్చేవాళ్లు కారు,
చెట్టుకి కట్టేవాళ్లు.
నోలా నాలుగు వారాలు
పిండికీ పంచదారకీ మధ్య అరలో కూర్చుంది.

కంచె వెంట ఏడు గుంటలు.
ఆవిడ పిండి కొలిచే కప్పుతోనే కొలిచారు.
బెవ్ ప్రతిసారీ చాకు వీపుతో అంచు గీసింది,
గోపురంగా పోస్తే అమ్మకి నచ్చదని.
ఊదారంగు వాళ్లమ్మ మార్లీన్ లేదు, ఎనిమిదేళ్లయింది.
ఆ కప్పు ఆవిడ మనవడు డార్సీ పోశాడు,
పోసి, డబ్బా ఎత్తి చూసి,
"ఈ చుక్కలేంటి?" అన్నాడు.

"కంపెనీ పేరురా" అన్నారెవరో వెనక నుంచి.

ఊరుకోవచ్చు.
"మనిషి పేరు" అన్నాను.
"ఎవరు?"
"వజ్రమ్మ."
వాడు కప్పు పట్టుకునే రెండుసార్లు పలికి చూశాడు,
మొదటిసారి తప్పు, రెండోసారి ఇంకా తప్పు.

ఎనభై మంది తలలు నా వైపు.
కీత్ చెవులు ఎర్రబడ్డాయి. "అడగాల్సింది" అన్నాడు.
నాకు దగ్గొచ్చింది, నిజం దగ్గే.

అమ్మమ్మ ఉంటే
ముందు డబ్బా మైలపడిందని గోల చేసేది.
నెత్తిన నీళ్లు పోసుకునేది.
తల తుడుచుకుంటూ అడిగేది,
"ఏడుగురా? అందరూ బతికారా?" అని.
తనకి ఆరుగురు. ఇద్దరు బతికారు.

సాయంత్రం పళ్లేలు తిరగేసి, పేర్లు చదివి,
ఎవరివి వాళ్లకి పంచుతున్నారు.
గ్లెనిస్ డబ్బా కడిగి, తుడిచి, నా చేతిలో పెట్టింది.
బరువుగా ఉంది.
"స్కోన్‌లు. ఉత్త గిన్నె ఇస్తామా ఎక్కడైనా?"

కార్లో ఒళ్లో పెట్టుకున్నాను.
లాక్లన్ కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి, నన్నేమీ అడగలేదు.
దుమ్ములో సైలో ఒకటి చాలాసేపు మా పక్కనే ఉంది.
మూత లాగి చూశాను.
రాలేదు.
దానికెప్పుడూ అంతే, రెండు చేతులూ
ఒక మోకాలూ కావాలి.